పసిపిల్లలతో ఊరికి పయనము

(కొంతం చౌక్‌లో జరిగిన కుటుంబ సమావేశమున చదివిన ప్రసంగ పాఠము)



వేసవి సెలవులు సమీపించుచున్నవి. కొంతం చౌక్ చుట్టుప్రక్కల ఏ యింట అడుగిడినను ఈ దినములలో ఒకే చర్చ వినవచ్చుచుండును: ఊరికి పోవుదమా, మానుదమా? ఒకరికి మేనకోడలి పెండ్లి, మరొకరికి వేములవాడ రాజన్న మ్రొక్కు, ఇంకొకరికి ముదుసలియైన తల్లిని ఒకసారి చూచి రావలెనను కోరిక. అయినను చాల యిండ్లలో ఆ చర్చ "ఈ యేటికి వద్దులెండి" అను మాటతో ముగియుచున్నది. కారణ మడిగినచో రెండు చెప్పుదురు. మొదటిది కూలి, సాంచా నిలిచిన దినమున కూలి లేదన్నది అందరెరిగినదే. రెండవది పిల్లలు. "చంటిదానితో రైలెక్కుటయా? మొన్న పోయి వచ్చినప్పుడు పడిన బాధ చాలును" అందురు. కూలి సమస్య ఒక ప్రసంగముతో తీరునది కాదు. పిల్లలతో పయనమును సుఖకరముగ జేసికొనుట మాత్రము మన చేతిలోనిది. కావున నేడు దానిని గురించియే మాటలాడ దలచితిమి.

ఇది స్వల్ప విషయముగ కొందరికి తోచవచ్చును. మా దృష్టిలో స్వల్పము కాదు. మన పూర్వులు తెలంగాణ పల్లెలనుండి ఈ యూరు చేరి, మగ్గములు వేసికొని, తరములుగ ఇచటనే స్థిరపడిరి. 1860లో సోలాపూరునకు రైలు వచ్చినది. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు నిజాం రాజ్యపు రైలుదారి తెరువబడినది. అంతకు ముందు ఎడ్లబండిమీదనో కాలినడకనో దినములకొలది సాగిన దారి అప్పటినుండి ఒక పగటి పనియో, ఒక రాత్రి పనియో అయినది. బండిదారిలో చంటిబిడ్డలను మోసికొని వచ్చినవారి సంతతి, రైలును బస్సును ఉండగా పిల్లల సాకుతో వెనుదీయుట విచారింపదగిన సంగతి.

ఒక యేడు మానినచో మరుసటి యేడు మానుట సులభమగును. అట్లు నాలుగేండ్లు గడచినచో పిల్లవానికి మేనమామ ముఖము ఫోనులో కనబడు బొమ్మయే. మన పిల్లలకు బడి మరాఠీలోనో ఆంగ్లములోనో నడచుచున్నది. వీధి మరాఠీలో నడచుచున్నది. తెలుగు ఇంటి నాలుగు గోడల మధ్య మిగిలినది. అంగడియు, బస్సును, బావిగట్టును, పెండ్లిపందిరియు తెలుగులోనే మాటలాడు చోటును పిల్లవాడు చూడగలిగినది ఊరికి పోయినప్పుడే. తెలుగు తన అవ్వ ఒక్కతెయే మాటలాడు భాష కాదనియు, ఊరంతయు మాటలాడు భాషయనియు వానికి అచటనే తెలియును. కాని దారి చేదైనచో ఊరును చేదగును. వాంతులతోను, ఏడ్పులతోను, దెబ్బలతోను సాగిన పయనమును పసివాడు మరువడు. కనుక దారిని వానికి తీపి చేయుట మనము నేర్వవలెను.

దీనికి మూలసూత్ర మొక్కటియే. పయనమును పెద్దల కొలతతో గాక పిల్లల కొలతతో వేయవలెను. పడుగు తప్పుగ వేసి పేకను నిందించి ప్రయోజనము లేదు గదా. పిల్లవాడు దారిలో పెట్టు మారాములో సగము, మనము ఇంటి దగ్గర వేసిన ఏర్పాటులోని లోపమే.

మొదట టిక్కెట్టు సంగతి. 2024 నవంబరు నుండి రైలు టిక్కెట్టు 60 దినములు ముందుగ మాత్రమే దొరకుచున్నది. అంతకు పూర్వము 120 దినముల గడువుండెను. పెండ్లి ముహూర్తము తెలిసిన దినముననే 60 దినములు వెనుకకు లెక్కించి, ఆ తేదీని గోడమీది పంచాంగములో గుర్తు పెట్టుకొనుడు. అయిదేండ్లలోపు బిడ్డకు టిక్కెట్టు అక్కరలేదు, బెర్తును రాదు. అయిదు నిండి పండ్రెండు నిండని వారికి స్లీపరులో బెర్తు వలదన్నచో సగము చార్జీ. బెర్తు కావలెనన్నచో 2016 ఏప్రిలు నుండి పూర్తి చార్జీ. ఇద్దరు పిల్లలు గల కుటుంబము ఒక్క బెర్తు మిగుల్చుకొనవలెనని రాత్రి పయనములో అందరును ఒరిగి కూర్చుండుట మేము పలుమారులు చూచితిమి. ఆ మిగిలిన సొమ్ము మరునాటి జ్వరపు మందులకు చాలదు. రాత్రి పయనమునకు అయిదేండ్లు దాటిన పిల్లవానికి బెర్తు తీసికొనుటయే మేలు. గర్భవతులకును, 45 ఏండ్లు నిండిన స్త్రీలకును క్రింది బెర్తుల కోటా కలదు. అవ్వ వెంటవచ్చు కుటుంబము ఆమె వయస్సు సరిగ వ్రాయించినచో, ఖాళీ యున్నంతవరకు క్రింది బెర్తు లభించును. చంటిబిడ్డ తల్లిని అందులో పరుండబెట్టవచ్చును. మధ్య బెర్తు రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకే వేయదగినదని తెలిసియుండుడు. పిల్లలు కూర్చుండి అన్నము తినుట అంతకు ముందే ముగియవలెను.

రెండవది సమయము. బొంబాయినుండి రాత్రి బయలుదేరు హైదరాబాదు బండ్లు మన స్టేషనుకు నడిరేయినో తెల్లవారుజాముననో వచ్చును. నిద్రలో నున్న బిడ్డను ఆటోలో కూలవేసి, పరుగున ప్లాట్‌ఫారము చేర్చి, "లే, లే" యని కసరుటతో పయనము మొదలగుచున్నది. ముందునాటి సాయంకాలమే మూటలు కట్టి ద్వారము చెంత నుంచుడు. పిల్లలను పొద్దుగూకగనే తినిపించి, తొడుగుకొని పోవు బట్టలతోనే పరుండబెట్టుడు. బండికి ముప్పావుగంట ముందు స్టేషనులో నున్నచో పిల్లవాడు ఇంజను చూచి ఆనందించును. అయిదు నిమిషములు ముందు చేరినచో తండ్రి కోపమును చూచి ఏడ్చును.

వరంగల్లు దిక్కు పోవువారు కోణార్క్ ఎక్స్‌ప్రెస్ వంటి బండిలో సికింద్రాబాదున దిగకయే కాజీపేట, వరంగల్లు చేరవచ్చును. పిల్లలతో దిగి యెక్కుటలు ఎంత తగ్గిన అంత సుఖము. కరీంనగరు, సిరిసిల్ల, వేములవాడ పోవువారు సికింద్రాబాదులో దిగి జూబిలీ బస్టాండుకు పోక తప్పదు. అట్టివారు రైలు దిగిన వెంటనే బస్సునకు పరుగెత్తక, ఒక గంట స్టేషనులోనే ఆగి, పిల్లల ముఖములు కడిగి, పాలో ఉప్మాయో తినిపించి, కాళ్లు చాపుకొననిచ్చి, ఆ పిదప కదలుట మంచిది. ఆ గంట నష్టము కాదు. తరువాతి మూడు నాలుగు గంటల శాంతికి అది మూలధనము.

మూడవది సద్ది. మన ఊరి కడక్ భాకరియు, శేంగా చట్నీయు పయనమునకు పుట్టిన తిండ్లే, దినములకొలది చెడవు. కాని ఆ చట్నీ కారము పెద్దలకే. పిల్లలకు మెత్తని చపాతి, బెల్లము, అటుకులు, అరటిపండు వేరుగ కట్టుడు. పెరుగన్నము ఎండలో త్వరగా పులియును. దానిని మొదటి పూటకే ముగింపుడు. వేరుసెనగ గింజలు, పుట్నాలు, బఠాణీలు కదలు బండిలో చిన్నపిల్లలకు గింజలుగ నోట వేయరాదు. గొంతున పడినచో ప్రాణమునకే ముప్పు. వేడిపాలను ఫ్లాస్కులో గంటలకొలది ఉంచి త్రాగించు అలవాటు మాన్పవలెను. గోరువెచ్చని పాలు క్రిములకు ఇల్లు. డబ్బాపాలు త్రాగు బిడ్డకు మరిగిన నీటిని ఫ్లాస్కులో పోసి, పొడిని వేరుగ నుంచుకొని, అప్పటికప్పుడు కలిపి, త్రాగదగినంత చల్లార్చి యిండు. ఆరు మాసములు నిండని బిడ్డకు తల్లిపాలు తప్ప ఎండాకాలమునందును నీరు సైతము అక్కరలేదు. కాని ఆ తల్లి మాటిమాటికి నీరు త్రాగవలెను. అది జరుగవలెనన్నచో ఆమెకు నీరందించు చేయి ఒకటి ఉండవలెను.

ఓ.ఆర్.ఎస్. పొట్లములు నాలుగైనను వెంట నుంచుడు. ఒక పొట్లము ఒక లీటరు శుభ్రమైన నీటిలో కలిపి, కొంచెము కొంచెముగ త్రాగించి, దినము గడచినచో మిగిలినది పారబోయవలెను. పొట్లము లేనిచో లీటరు నీటికి ఆరు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు. బిడ్డ మత్తుగా పడియుండి, కండ్లు లోతుకు పోయి, చాలసేపు మూత్రము రానిచో ఇంటి వైద్యములతో కాలము గడపక వెంటనే వైద్యుని చూపవలెను. రైలులోనున్నచో 139 సంఖ్యకు ఫోను చేసి సహాయము కోరవచ్చును. బిడ్డ కదలక నిద్రించుటకై మత్తుమందు పోయుట కొందరికి పరిపాటి. అది ఎన్నడును కూడదు.

మన సరకు మనకే ఎంతటి ఉపకారియో చూడుడు. ఈ పేటలలో నేసిన టవళ్లు నాలుగు వెంట నున్నచో సగము కష్టము తీరును. ఒకటి తడిపి మెడ తుడుచుటకు, ఒకటి తలక్రిందికి, ఒకటి పాలిచ్చు తల్లికి మరుగుగా, ఒకటి వాంతి అయినచో తుడుచుటకు. మే మాసపు టెండలో బిడ్డను దుప్పటిలో చుట్టుట వలదు. పలుచని నూలుబట్ట చాలును. బెర్తులకు చీరకట్టి ఉయ్యాల వేయుట మనవారికి పాత అలవాటు. వేసినచో నేలకు తక్కువ యెత్తున, ముడిని పెద్దలు లాగి చూచి, ఒకరు ప్రక్కనే మేలుకొని యుండగా మాత్రమే వేయుడు. లేచి కూర్చుండ నేర్చిన బిడ్డకు అది పనికిరాదు. వాడిన డయపర్లను రైలు మరుగుదొడ్డిలో వేయరాదు. ఇప్పటి బయో మరుగుదొడ్లు వానితో మూసికొనిపోయి బోగీలోని అందరికిని బాధ కలుగును. కాగితములో చుట్టి చెత్తబుట్టలో వేయుడు.

నాలుగవది బస్సు పయనము. హైదరాబాదు రాజమార్గమున ఉమర్గా, హుమ్నాబాదు, జహీరాబాదు మీదుగ పోవువారు మనలో చాలమంది కలరు. రెండేండ్లు దాటిన పిల్లలకు పండ్రెండేండ్లవరకు బస్సులో తల త్రిప్పుట, వాంతులు మెండు. అట్టివారిని వెనుక చక్రముల మీది సీట్లలో గాక ముందుభాగమున కూర్చుండబెట్టి, కిటికీనుండి దూరపు చెట్లను చూడుమని చెప్పవలెను. చేతిలో ఫోను పెట్టి బొమ్మలు చూపినచో వాంతి త్వరపడును. కడుపునిండ తినిపించియు, ఖాళీకడుపుతోను ఎక్కింపరాదు. సొంత మోటారులోనో బాడుగ మోటారులోనో పోవువారు బిడ్డను ముందు సీటున ఒడిలో కూర్చుండబెట్టుకొనుట ప్రమాదకరము. పదునాలుగేండ్లలోపు పిల్లలకు బెల్టుగాని, తగిన పిల్లల సీటుగాని ఉండవలెనని 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. రెండు గంటల కొకసారి దిగి పిల్లలను నడిపింపుడు.

చార్జీల లెక్కలో ఒక సంగతి. తెలంగాణలో 2023 డిసెంబరున మొదలైన స్త్రీల ఉచిత బస్సు పయనము ఆ రాష్ట్ర నివాసపు గుర్తింపు కార్డు గలవారికే. సోలాపూరు చిరునామా గల మన స్త్రీలు టిక్కెట్టు తీసికొనవలెను. మహారాష్ట్ర ఎస్టీ బస్సులలో 2023 మార్చినుండి స్త్రీలకు సగము చార్జీ యన్నది ఈ రాష్ట్రపు సరిహద్దు వరకే. ఈ భేదము ముందే తెలిసినచో దారిలో కండక్టరుతో తగవు తప్పును.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. పయనములో ఎన్ని చేతులు పని చేయుచున్నవి? మన కుటుంబములలో చాలచోట్ల తండ్రి మూటలు ఎక్కించి, టిక్కెట్టు చూపి, పై బెర్తునెక్కి నిద్రించును. తల్లి రాత్రంతయు మేలుకొని, చంటిబిడ్డకు పాలిచ్చి, పెద్దవానిని మరుగుదొడ్డికి తీసికొనిపోయి, ఉదయమున అత్తవారింట నవ్వుముఖముతో దిగవలెను. దిగిన వెంటనే వంటయింటికి నడువవలెను. "పిల్లలతో పయనము వలదు" అను మాట మొదట ఎవరి నోట వచ్చుచున్నదో గమనించినవారికి కారణము వేరుగ చెప్పనక్కరలేదు. ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క పెద్దను ముందే నియమింపుడు. ఈ స్టేషనునుండి ఆ స్టేషనువరకు బిడ్డ తండ్రిది, ఆ పిదప తల్లిది అని పంచుకొనుడు. తండ్రి ఒడిలో నిద్రించిన రాత్రి పిల్లవానికిని లాభమే.

దారి విసుగు పోవుటకు ఫోను ఒక్కటియే సాధనము కాదు. మన రైలుదారియే ఒక పాఠశాల. 1956 నాటి రాష్ట్రముల పునర్విభజనకు పూర్వము సోలాపూరు దాటినచో కొంతదూరమునకే హైదరాబాదు రాజ్యము వచ్చెడిది. నేడు ఈ దారి మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ మూటిని దాటుచున్నది. పగటి పయనమైనచో పిల్లవానిని కిటికీ చెంత నుంచి స్టేషను పలకలు చదివింపుడు. అక్కల్‌కోట్ రోడ్డు, దుధనీ స్టేషన్లలో బడిలో నేర్చిన దేవనాగరి లిపి. కలబురగిలో కన్నడ లిపి. అది తెలుగునకు అక్కవలె నుండును. అందులో మన అక్షరములను పోలినవి ఎన్నియో లెక్కపెట్టుమనుడు. తాండూరు చేరునప్పటికి తెలుగు లిపి ఎదురు వచ్చును. బయలుదేరుటకు ముందే ఇంట ఒక కాగితముమీద "తాండూరు" అని వ్రాసి నేర్పినచో, ఆ పలకను తానే చదివిన పిల్లవాని సంతోషము చూడదగినది. తెలుగు చదువరాని పిల్లవానికి అదియే మొదటి పాఠము.

చెప్పుటకు కథలును కలవు. మన యిండ్లలో పరచిన షాబాదు బండలు షాహాబాదు నుండి వచ్చినవని ఆ స్టేషనులో చెప్పుడు. తాండూరు నాపరాళ్లనుగూర్చియు, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన అచటి కందులనుగూర్చియు చెప్పుడు. వికారాబాదు వచ్చినప్పుడు అనంతగిరి కొండలలో మూసీనది పుట్టినదనియు, అది హైదరాబాదు నగరము నడుమ పారుచున్నదనియు చెప్పుడు. ఇవి తెలిసిన అవ్వలు, తాతలు ఇంటింట కలరు. వారిని నిద్రపుచ్చక మాటలాడనిండు.

పుట్టువెంట్రుకల మ్రొక్కుకై వేములవాడకో, యాదగిరిగుట్టకో, తిరుపతికో పోవువారికి రెండు మాటలు. క్షౌరమునకు క్రొత్త బ్లేడు వేయించుడు. మీ కండ్లయెదుట విప్పిన బ్లేడే కావలెనని అడుగుటకు మొగమోటపడవలదు. బిడ్డ ఆకలితోగాని, నిద్రమబ్బుతోగాని ఉన్నప్పుడు కూర్చుండబెట్టక, పాలు త్రాగి ఉల్లాసముగ నున్న వేళ చూచుకొనుడు. బోడితలకు ఎండ తగులనీయక పలుచని గుడ్డ కప్పుడు. ఆ రాత్రియే తిరుగు బండి యెక్కక ఒక దినము విశ్రమింపుడు. రెండేండ్లకొకసారి జరుగు మేడారము జాతరవంటి జనసమ్మర్దములలో పిల్లల జేబున తండ్రి పేరు, ఫోను సంఖ్య వ్రాసిన చీటి నుంచుడు. తప్పిపోయినచో కదలక నిలిచి పోలీసువారితో చెప్పవలెనని పిల్లలకు ముందే నేర్పుడు. తప్పిపోయిన పిల్లలకై 1098 అను ఫోను సంఖ్య కలదు.

ఊరు చేరిన పిదపను పయనము ముగిసినట్లు కాదు. దిగిన వెంటనే పిల్లవానిని పదిమంది యెదుట నిలిపి "పాట పాడుము, ఇంగ్లీషు మాటలాడుము" అనరాదు. మొదటి దినము వానిని వాని దారిని వదలుడు. కోడిపిల్లలను, మేకపిల్లలను చూచి తానే ఊరితో చెలిమి చేసికొనును. మన పిల్లల మాటలో మరాఠీ కలియుటచే బంధువుల పిల్లలు నవ్వుట కలదు. ఆ నవ్వునకు నొచ్చుకొనిన పిల్లవాడు నోరు మూసికొనును. మరల తెలుగు మాటలాడుటకు సిగ్గుపడును. ఈ విషయము ఊరిలోని అన్నదమ్ములకు ముందే ఫోనులో చెప్పియుంచుడు. పిలుపులను ఇంటివద్దనే నేర్పుడు: ఎవరు మేనమామ, ఎవరు మేనత్త, ఎవరు పెద్దనాయన. "కాక" అను పిలుపు మరాఠీలోను, తెలంగాణ పల్లెలలోను తండ్రి తమ్మునికి చెల్లును. ఆ ఒక్క మాటతోనైనను పిల్లవాడు ధైర్యముగ గడప దాటగలడు.

మొదటిసారి చంటిబిడ్డతో పోవువారు వెంటనే దూరపయనమునకు సాహసింపక, ముందుగ తుల్జాపూరుకో, అక్కల్‌కోటకో, పండరిపురమునకో ఒక పూట పోయి రండు. బిడ్డకు బస్సు సరిపడునో లేదో, ఏ గంటకు ఆకలి యగునో, మూటలో ఏది ఎక్కువయో, ఏది తక్కువయో ఆ చిన్న పయనమే తెలుపును.

చివరకు మన సంఘమునకు ఒక మనవి. కార్యాలయమున ఒక పుస్తక ముంచి, వేసవిలో ఏ కుటుంబము ఏ తేదీన ఏ జిల్లాకు పోవునో వ్రాసికొన్నచో, ఒకే దిక్కునకు పోవువారు కలిసి టిక్కెట్లు తీసికొనగలరు. రెండు కుటుంబములు ఒక బోగీలో నున్నచో పిల్లలకు ఆటకు తోడు, తల్లులకు ఒక గంట నిద్ర లభించును. క్రొత్తగా పెండ్లియైన జంటలకు, మగదిక్కు లేని తల్లులకు ఇది గొప్ప యండ. దీనికి ఖర్చు ఒక పుస్తకము, ఒక కలము మాత్రమే. ఈ వారముననే దీనిని ఆరంభించినచో వేసవి టిక్కెట్ల గడువునకు అందగలము. పెద్దలు ఆలోచింప ప్రార్థన.